మనవైపు వైద్యుడు

రాంగోపాల్‌పేట్, సికింద్రాబాద్
9 జూన్ 2024

చిరంజీవి బావమరిది సూరికి బావ రమణబాబు ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. ఆ మాట చేతి అలవాటు కొద్దీ రాశాను గానీ మీ అక్క లోవలక్ష్మి మోకాళ్ళు ఏమీ కులాసాగా లేవు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచి మనిషి కింద అడుగు పెట్టలేదు. కూరగాయల పని నా నెత్తినపడింది. నేను తెచ్చిన వంకాయలు ఆవిడకి నచ్చవు. ప్రతి పుచ్చూ నేను దగ్గరుండి ఎంచి తెచ్చినట్టు మాట్లాడుతుంది.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వవు, నేను నీ మాట పూర్తి కాకుండానే పెట్టేస్తాను. ఉత్తరానికైతే మధ్యలో అడ్డం తగిలే అవకాశం నీకు లేదు. కాబట్టి ఇదే మేలు.

ఎముకల డాక్టరు కీళ్ళవాతమన్నాడు. ఆయనిచ్చిన బిళ్ళలు వేసుకుంటే కడుపులో మంట. మీ అక్క ఆయుర్వేదం చేయించుకుంటానంది. అకౌంట్సు ఆఫీసులో జీవితమంతా ఆడిట్ చేసినవాణ్ణి, ఎవడి దగ్గరికి పడితే వాడి దగ్గరికి పంపుతానా? ఊరంతా గాలించాను. మొదటి చోట ఏసీ గది, ఒకే రంగు చీరల్లో నలుగురు ఆడపిల్లలు, 'ప్యాకేజీ' అన్నారు. అది వైద్యమో తిరుపతి యాత్రో నాకర్థం కాలేదు. రెండో ఆయన గోడనిండా తనకి శాలువాలు కప్పుతున్న ఫోటోలు. అన్ని శాలువాలు కప్పించుకునేవాడికి రోగుల్ని చూసే తీరికెక్కడిది?

మూడోది మీ మేనకోడలు పూజిత చెప్పింది. బన్సీలాల్‌పేట్‌లో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉందట, అక్కడి డాక్టరు బాగా చూస్తుందట. వెళ్ళి గుమ్మంలోంచి చూశాను. ప్లాస్టిక్ కుర్చీలు, తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, దాని పక్కన సిలువ గొలుసు. పేరు షెకీనా! ఆదివారం చర్చిలో పాటలు పాడుకునే పిల్లకి త్రిఫల చూర్ణంతో ఏం పని? గుమ్మంలోంచే తిరిగొచ్చేశాను.

ఆఖరికి దొరికాడు. వంకాయల కోసం బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్ళాను. మార్కెట్ వెనక సందులో 'వంశపారంపర్య వైద్యశాల' అని బోర్డు. లోపల రోలు, సీసాలు, మూలికల వాసన. ఆయన నన్ను చూసి "ఏ వూరండి బాబూ మీది?" అన్నాడు. అనకాపల్లి వైపు అన్నాను. "ఓలమ్మ, మన వోరేటండి! మాదీ ఆ పక్కే. నా పేరు నూకయ్యండి. అమ్మగారికి మోకాలు నొప్పా? ఏటీ బెంగెట్టుకోకండి. ఈ పొడి తేనెలో కలిపీసి నాకీమనండి, నెల్లాళ్ళలో మెట్లెక్కీగల్రు" అన్నాడు.

సూరీ, నలభై ఏళ్ళుగా 'ఏందీ', 'గట్లనా' వింటున్న చెవులయ్యా ఇవి. ఆ మాట వింటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. మన మట్టిలో పుట్టినవాడు మనని మోసం చెయ్యడు. పొడి మొదలుపెట్టాం.

నీ కెమిస్ట్రీ పాఠాలు ఈ విషయంలో అవసరం లేదని ముందే మనవి.

ఇట్లు,
మీ బావ
రమణబాబు


నర్సీపట్నం
17 జూన్ 2024

పూజ్యులైన బావగారి సముఖానికి సూరి నమస్కరించి రాయునది.

తమ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి ఒళ్ళు మండింది.

ఆయన పేరు తెలిసింది, ఊరు తెలిసింది, యాస తెలిసింది. మహదానందం. ఆయన ఏం చదివాడు? ఎక్కడ చదివాడు? వైద్యం చేసుకోవచ్చని ఆయనకి ఎవరు అనుమతిచ్చారు? ఆ పొడిలో ఏమేం కలిపాడు? ఇవేవీ తమ ఉత్తరంలో లేవు. ఓచరు మీద సంతకం వంకరగా ఉందని ఒక ప్యూను జీతం ఆపించిన ఘనత తమది. అది తమరే నా పెళ్ళి పందిట్లో అందరికీ చెప్పి మురిసిపోయారు. ఇప్పుడు "ఏటండి బాబూ" అనే రెండు ముక్కలకి ఆ ఆడిట్ అంతా గంగపాలైంది.

ఆయన సంగతలా ఉంచండి. అసలు ఈ ఆకులూ అలములూ ఏమిటి? నేను చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసినవాణ్ణి. చెరకు రసంలో ఏముందో తెలియకుండా ఒక్క చుక్క ముందుకు పోనిచ్చేవాణ్ణి కాదు. మీ వైద్యులకి రోల్లో ఏం పడిందో వాళ్ళకే తెలీదు. అందులో చదువుకున్నవాళ్ళూ, చదువుకోనివాళ్ళూ అని రెండు రకాలట! కాకిలో నల్ల కాకీ, తెల్ల కాకీ ఉంటాయా? ఆ బన్సీలాల్‌పేట్ పిల్లకి ప్రభుత్వం జీతమిచ్చి కూర్చోబెడితే మాత్రం అది వైద్యమైపోతుందా?

ఏదైనా పెద్దాసుపత్రిలో చూపించండి. వంకాయలు ఎంచడం రానివారు వైద్యుణ్ణి ఎంచే పని పెట్టుకోవద్దు.

అక్కకి నమస్కారాలు. పూజితకి ఆశీస్సులు.

ఇట్లు,
సూరి


రాంగోపాల్‌పేట్
4 ఆగస్టు 2024

చిరంజీవి సూరికి.

నీ కాకుల లెక్క అటకెక్కించు. మీ అక్క మెట్లు దిగింది!

ఎవరి సాయమూ లేకుండా, గోడ పట్టుకోకుండా. కింద వాటాలో రోనాల్డ్ అని రిటైరైన టీచరున్నాడు, ఆయన చూసి ముక్కున వేలేసుకున్నాడు. తోపుడుబండి దగ్గర నిలబడి వంకాయలు తనే ఏరుకుంది. వాడితో బేరమాడి, వాణ్ణి ఏడిపించి, నవ్వుకుంటూ పైకొచ్చింది. ఆకలి కూడా బాగా పెరిగింది. ఎండిపోయిన మనిషి నిండుగా తయారైంది. ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా, మెరుస్తూ ఉంది. ఫోటో పంపమని పూజితకి చెప్పాను. చూసుకుని సిగ్గుపడు.

మొన్న ఆవిణ్ణి స్వయంగా బోయిన్‌పల్లి తీసుకెళ్ళి నూకయ్యగారికి దండం పెట్టించాను. అక్కడ జనం కిటకిట. నేను మార్కెట్‌లోకి వెళ్ళి ఉల్లిపాయలు కొనుక్కొచ్చేదాకా మీ అక్క బెంచీ మీదే కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆయన గురించి ఏదో చెప్పబోయింది. పక్క మనుషులతో ఆయన ఇంకో రకంగా మాట్లాడతాడనో ఏదో. ఆడవాళ్ళకి బెంచీ మీద కూర్చుంటే చాలు, ప్రపంచంలో వంకలన్నీ కనిపిస్తాయి. ఆటో చప్పుడులో నాకు సరిగా వినపడలేదు, నేనూ మళ్ళీ అడగలేదు.

నువ్వు రసాలు మరిగించిన ఫ్యాక్టరీ మూతపడింది. మా వైద్యశాల మాత్రం కళకళలాడుతోంది. ఎవరి శాస్త్రం ఎంతటిదో అక్కడే తెలుస్తోంది కదా?

ఇట్లు,
రమణబాబు


నర్సీపట్నం
13 ఆగస్టు 2024

బావగారికి.

ఫ్యాక్టరీ మూసింది మేనేజిమెంటు. నా కెమిస్ట్రీ మూతపడలేదు.

పూజిత పంపిన ఫోటో చూశాను. తమరు దాన్ని పున్నమి చంద్రుడన్నారు. అది కళ కాదండీ, వాపు. మా అక్క ముఖం నాకు తెలీదా? కోలముఖం మాది. మా నాయనమ్మ దగ్గర్నుంచి ఇంట్లో గుండ్రటి ముఖం ఒక్కటీ లేదు. మోచేతి కింద నల్లటి మచ్చలు కూడా కనిపిస్తున్నాయి. దేనికి గుద్దుకుంది?

ఆకుకీ వేరుకీ ఇంత తొందరుండదు. నెల్లాళ్ళలో మెట్లు దింపే మూలిక ఈ భూమ్మీద ఎక్కడా మొలవదు. ఆ పొడిలో ఇంకేదో ఉంది. సీసమో పాదరసమో అని నా గట్టి నమ్మకం. విషమని తెలిశాక ఒక్క పూట కూడా ఇవ్వకూడదు. ఈ ఉత్తరం అందగానే ఆపించండి. తమకి నా మాట మీద నమ్మకం లేదు కాబట్టి పూజితతో చెప్పి ఎవరైనా అసలైన డాక్టరుకి చూపించండి.

అక్కకి నమస్కారాలు.

సూరి


రాంగోపాల్‌పేట్
8 సెప్టెంబర్ 2024

చిరంజీవి సూరికి.

నువ్వు రాజేసిన నిప్పు అంటుకుంది. పూజిత నాకు చెప్పకుండా వాళ్ళమ్మని ఆటోలో ఎక్కించుకుని ఆ బన్సీలాల్‌పేట్ ఆసుపత్రికి తీసుకుపోయింది. కింద రోనాల్డ్ నోరుజారితే తెలిసి, నేనింకో ఆటోలో వెంటపడ్డాను. నేను చేరేసరికి పూజిత ఫోన్ చెవిన పెట్టుకుని బయట వరండాలో ఉంది. దాని ఆఫీసువాళ్ళు నెలన్నరకి పుణే పొమ్మంటున్నారట, ఆ గొడవలో మునిగిపోయింది. మర్నాడే రైలెక్కి వెళ్ళిపోయింది కూడా.

ఆ షెకీనా నేననుకున్నదానికంటే అధ్వాన్నం. మీ అక్క చేతుల మీద మచ్చలు చూసింది, ముఖం చూసింది, బీపీ చూసింది, నొప్పి ఎప్పుడొస్తుంది, ఎప్పుడు తగ్గుతుంది అని పాతిక ప్రశ్నలు వేసింది. పొడి పొట్లం చూపిస్తే "లేబుల్ లేదు, తయారుచేసినవాళ్ళ పేరు లేదు, ఇందులో ఏముందో నేను చెప్పలేనండి" అంది. విన్నావా? వైద్యురాలై ఉండి పొడిని చూసి చెప్పలేదట! మా నూకయ్యగారు నాడి పట్టుకోకుండానే చెప్పేస్తాడు.

పైగా పెద్దాసుపత్రికి చీటీ రాసి, రక్తపరీక్ష చేయించమంది. రక్తం తీసే ఆయుర్వేదం నేనెక్కడా వినలేదు. ఆ చీటీ మడిచి కళ్ళజోడు డబ్బాలో పెట్టాను. మీ అక్క రోజూ అడుగుతోంది. వచ్చే వారమని చెప్తున్నాను.

ఇక అసలు ముక్క విను. ఇంతా చేసి ఆఖరున ఆవిడేమందో తెలుసా? "ఈ పొడి ఒక్కసారిగా మాత్రం మానకండి" అంది! ఎందుకో ఏమిటో చెప్పబోయింది గానీ నాకు కావాల్సిన మాట దొరికింది కదా, బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాను. మీ అక్క ఒక్కతే కూర్చుని మిగతాది విని వచ్చింది. చూశావా? ప్రభుత్వం జీతమిచ్చే డాక్టరే మానొద్దంది. అంటే ఏమిటి, మా పొడి మంచిదని ఒప్పుకున్నట్టేగా? నీ సీసం, నీ పాదరసం ఇప్పుడెక్కడ పెట్టుకుంటావు?

ఈ నెలాఖరుకి మీ స్నేహితుడి కూతురి పెళ్ళికి సికింద్రాబాద్ వస్తున్నావని విన్నాను. మా ఇంట్లోనే దిగు. నీ ఓటమిని ఎదురుగా చూడాలని ఉంది.

ఇట్లు,
రమణబాబు


నర్సీపట్నం
6 అక్టోబర్ 2024

బావగారికి సూరి నమస్కారాలు.

క్షేమంగా ఇల్లు చేరాను. బోయిన్‌పల్లి సంగతి నేను సగం చెప్పేసరికే తమరు గదిలోకెళ్ళి తలుపు వేసుకున్నారు, నేను బయల్దేరేటప్పుడు కూడా రాలేదు. చెప్పాల్సినవి మిగిలిపోయాయి. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా తమ నూకయ్యగారి భోగట్టా. పెళ్ళి మర్నాడు నేనొక్కణ్ణీ బోయిన్‌పల్లి వెళ్ళాను. నా ముందొక పెద్దావిడ ఉంది, సిద్దిపేట మనిషి. ఆవిడతో తమ అనకాపల్లి ముద్దుబిడ్డ ఏమన్నాడో అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "ఏందే అక్కా, గిట్ల ఉబ్బినయేంది కాళ్ళు? ఎంత తక్లీఫ్ పడ్డవే! జెర ఓపిక పట్టు, గీ పొడి తింటే అన్ని పోతయ్. మాది సుత సిద్దిపేట దిక్కే. నా పేరు మల్లయ్య." ఆవిడ కళ్ళొత్తుకుంది, అచ్చం తమలాగే. నా వంతొచ్చింది. నేను నోరు తెరవగానే "ఓలమ్మ, మన వోరేటండి!" అన్నాడు. ఏం చదివావయ్యా అని అడిగాను. "మా తాతల కాణ్ణించీ ఇదే పనండి" అన్నాడు. రిజిస్ట్రేషన్ ఏదన్నాను. "తరవాతోళ్ళు రండి" అన్నాడు.

ఎవరు ఏ ఊరివాళ్ళైతే ఆయనదీ ఆ ఊరే. తమరు ఏడ్చింది ఆ యాసకి.

రెండోది ఆ డాక్టరమ్మ. లేబుల్ లేని పొడిలో ఏముందో తెలీదంటూనే మానొద్దన్న మనిషిని ఏమనాలి? విషాన్ని మానొద్దనే డాక్టరు ఎక్కడైనా ఉంటుందా? ఆవిడా ఈయనా తోడుదొంగలు. ఆయుర్వేదంలో డిగ్రీ అంటే ఇంతేనని నేను జూన్‌లోనే చెప్పాను.

అందుకే పొట్లాలన్నీ తీసి, కొళాయి తిప్పి, సింకులో కడిగేశాను. అక్క వెనకనుంచి ఏదో అంటూనే ఉంది. అక్కకి మొదట్నుంచీ మెతక మనసు, ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది. తమరు 'దౌర్జన్యం' అన్నారు. అవును, దౌర్జన్యమే. తమరు చేసిన వైద్యం కంటే నయం.

ఇక అక్క ఒంట్లోంచి ఆ విషం మెల్లగా దిగుతుంది. నాలుగు రోజులు నీరసంగా ఉంటే కంగారుపడి మళ్ళీ బోయిన్‌పల్లి పరుగెత్తకండి.

అక్కకి నమస్కారాలు.

సూరి


సికింద్రాబాద్, ఆసుపత్రి వరండా
13 అక్టోబర్ 2024

సూరీ,

పూజిత ఫోన్ చేసి చెప్పే ఉంటుంది. పుణే నుంచి రాత్రికి రాత్రి వచ్చింది. అది చెప్పనివి నేను రాస్తున్నాను.

నువ్వు రైలెక్కిన మర్నాటినుంచి మీ అక్కకి అన్నం సయించలేదు. వాంతులు. ఒళ్ళు తూలడం. నాలుగు రోజులు నీరసంగా ఉంటుందని మహానుభావుడు రాశాడుగా, అందుకని ఊరుకున్నాను. మొన్న ఉదయం పొయ్యి దగ్గర నిలువునా కూలిపోయింది. పిలిస్తే పలకలేదు. రోనాల్డ్, వాళ్ళబ్బాయి షాలేమ్ కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులూ మోశారు. నేను వెనకాల చెప్పులు లేకుండా పరుగెత్తాను. ఆటోలో ఆవిడ చెయ్యి చల్లగా ఉంది సూరీ. పోయిందనుకున్నాను.

పొడిలో సీసమూ లేదు, నీ పాదరసమూ లేదు. స్టెరాయిడ్ కలిపాడట. డాక్టర్లు మొదట అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "ఒక్కసారిగా ఎవరాపారు?" అని. నీ పేరే చెప్పాను. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

ఐసీయూలో ఉంచారు. ఇవాళ కళ్ళు తెరిచింది. నిన్ను మాత్రం రావద్దంటున్నాను.

రమణబాబు


నర్సీపట్నం
19 అక్టోబర్ 2024

బావగారికి.

ఆపిందెవరని అడిగారు, తెచ్చిందెవరని అడగలేదా? అడిగి ఉంటే తమ పూర్తి పేరు, ఇంటిపేరు, చేసిన ఉద్యోగంతో సహా చెప్పి ఉండేవారా?

స్టెరాయిడ్ అని నాకెలా తెలుస్తుంది? తమ ఉత్తరంలో 'మానొద్దంది' అని ఉంది గానీ ఎందుకో లేదు. ఎందుకని అడిగే ఓపిక లేక చెప్పులు వేసుకుని బయటికొచ్చారు తమరు. ఆ డాక్టరమ్మ అయినా కాస్త గట్టిగా చెప్పాల్సింది. తప్పు ఆవిడదీ ఉంది.

నూకయ్యనో మల్లయ్యనో పోలీసులకి పట్టించారా, లేక ఇంకా మనవైపు మనిషేనా?

రావద్దన్నా వస్తాను. టికెట్ దొరకలేదు.

సూరి


రాంగోపాల్‌పేట్
24 నవంబర్ 2024

తమ్ముడు సూరికి, అక్క లోవలక్ష్మి దీవెనలు.

నా దస్తూరీ చూసి ఆశ్చర్యపోతావు. నేను ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. అక్షరాలు వంకరపోయినచోట కూడబలుక్కుని చదువుకో.

ఇంటికొచ్చి రెండు వారాలు దాటింది. మీ బావ నన్ను మంచం దిగనివ్వకుండా కాపలా కాస్తున్నారు. జావ తనే కాస్తున్నారు. ఉండలు కడుతోంది, తాగుతున్నాను. ఆ బోయిన్‌పల్లి సందుకి పోలీసుల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. షట్టరు వేసి ఉందట, బోర్డు లేదట, ముందర ఉల్లిపాయల బస్తాలున్నాయట.

మీరిద్దరూ రాసుకున్న ఉత్తరాలన్నీ నేను విన్నాను. నీవి వచ్చినప్పుడు ఆయన చదివి వినిపించేవారు, తిట్లు వచ్చినచోట గొంతు పెంచి మరీ. తనవి రాశాక కూడా చదివేవారు, నేను మెచ్చుకోవాలని. మోకాళ్ళు నావి, నోళ్ళు మీవి. సరే, నాకూ కొన్ని తెలుసు, ఈ ఒక్కసారి విను.

ఆ వైద్యుడు ఒక్కొక్కళ్ళతో ఒక్కో యాసలో మాట్లాడడం నేను ఆగస్టులోనే విన్నాను. నేను బెంచీ మీద కూర్చున్న కాసేపట్లో వాడు ఒకళ్ళకి సిద్దిపేటవాడు, ఒకళ్ళకి పాలమూరువాడు. ఆటోలో మీ బావకి చెప్పాను. చప్పుడులో వినపడలేదన్నారు. ఇంటికొచ్చాక ఫ్యాను కింద చెప్పాను. "నీకెందుకవన్నీ, కాళ్ళు ఆడుతున్నాయా లేదా" అన్నారు. అదే మాట నువ్వు చూసొచ్చి చెప్తే మాత్రం ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చి గదిలోకెళ్ళి తలుపేసుకున్నారు. అయినా పొడి మానలేదు నేను. మెట్లు దిగాలనే ఆశ అంత చెడ్డది. అందులో నన్నెవరూ మోసం చెయ్యలేదు, వాడు సరైనవాడు కాదని తెలిసే నాకాను.

ఇక ఆ డాక్టరమ్మ గట్టిగా చెప్పాల్సింది అన్నావు. గట్టిగానే చెప్పింది. మీ బావ చెప్పులు వేసుకుంటున్నప్పుడు నా రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. "అమ్మా, ఇందులో స్టెరాయిడ్ ఉందని నా అనుమానం. అలాంటిది మన ఒళ్ళు కూడా రోజూ తనే తయారుచేసుకుంటుంది. రోజూ బయటినుంచి క్యారేజీ వస్తుంటే ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేస్తాం చూడండి, మీ ఒళ్ళిప్పుడు అలా ఉంది. క్యారేజీ ఒక్కసారి ఆగిపోతే తిండి లేక పడిపోతారు. పరీక్ష చేయించండి, వాళ్ళు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. అప్పటిదాకా మానొద్దు. ఆ తరవాత మోకాళ్ళ సంగతి నేను చూస్తాను" అంది. ఈ మాటలు అదే రోజు మీ బావకి చెప్పాను. చీటీ అడిగాను. కళ్ళజోడు డబ్బా మూసేశారు. నువ్వు సింకు దగ్గర పొట్లాలు చింపుతుంటే నీ వెనకాల నిలబడి ఇవే మాటలు చెప్పాను. "ఒరే సూరీ, క్యారేజీ ఆగితే పడిపోతానందిరా" అన్నాను. నువ్వు కొళాయి ఇంకొంచెం తిప్పి "నువ్వు ఊరుకో అక్కా, నీకు తెలీదు" అన్నావు. నీ ఉత్తరంలో దాన్నే 'ఏదో అంటూనే ఉంది' అని రాశావు.

ఒకరు ఆవిడ మెడలో సిలువ చూశారు. ఒకరు ఆవిడ డిగ్రీలో ఆకులు చూశారు. ఆవిడ నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఇద్దరికీ అక్కర్లేకపోయింది. చదువుకున్నవాళ్ళు కదా మీరు.

ఆసుపత్రి నుంచి వచ్చాక పూజితని తోడు తీసుకుని నేనే బన్సీలాల్‌పేట్ వెళ్ళాను. మీ బావ వస్తానన్నారు, ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో బయటే కూర్చోబెట్టాను. ఈసారి నేనే ఆడిట్ చేశాను. ఎక్కడ చదివావమ్మా అని అడిగితే కాలేజీ పేరు చెప్పింది, అయిదున్నరేళ్ళు చదివిందట. ఆయుర్వేద బోర్డులో రిజిస్ట్రేషన్ ఉందా అన్నాను. గోడ మీద ఫ్రేమ్ చూపించి, నంబరు పూజితని రాసుకోమని, అది నిజమో కాదో బోర్డులో అడిగి చూసుకోమంది. కోపం రాలేదు. నీకు సంస్కృతం వచ్చా అన్నాను, మీ బావ అనుమానం తీర్చడానికి. నవ్వింది. రాకపోతే పాస్ చెయ్యరండి అంది. నువ్వు నయం చెయ్యలేనివి ఏమిటమ్మా అని ఆఖరున అడిగాను. చాలా చెప్పింది. ఇంగ్లీషు మందులు ఆపకూడదంది, నన్ను ఐసీయూలో ఉంచిన ఆసుపత్రి డాక్టరుకి తనే ఉత్తరం రాసింది. మోకాళ్ళు ఎప్పటికి తగ్గుతాయన్నాను. పూర్తిగా తగ్గవండీ, కొంచెం తేలికపడతాయి అంది. నెల్లాళ్ళలో మెట్లెక్కిస్తానని అన్లేదు. ఆవిడ యాస ఏమిటో కూడా నేను పట్టించుకోలేదు. ఇచ్చిన మందుల మీద లేబుల్ ఉంది, నేనే చదువుకున్నాను.

నువ్వూ మీ బావా జూన్ నుంచి నా మోకాళ్ళ మీద రాసుకున్నారు. ఏ ఉత్తరంలోనూ, ఎవరూ, నాకెలా ఉందని నన్నడగలేదు. నీ ఉత్తరాల అడుగున 'అక్కకి నమస్కారాలు' అని ఉండేది, కవరు మీద స్టాంపు ఉన్నట్టు. ఆ డాక్టరమ్మ మొదటి రోజు మొదటి మాట "మీకెలా ఉందమ్మా" అంది. అందుకే ఆవిణ్ణి ఎంచుకున్నాను. డిగ్రీ తరవాత చూసుకున్నాను.

టికెట్ దొరికితే రా. గొడవపడడానికైతే వద్దు. ఉత్తరం రాయాలనుంటే కవరు మీద నా పేరు రాయి. మీ బావకి విప్పే అలవాటుంది, ఇకమీదట విప్పనివ్వను.

నొప్పి మళ్ళీ వచ్చింది సూరీ. పొడి రోజుల్లో అసలు లేదు, ఇప్పుడు ఉంది. ముఖం మెల్లగా కోలగా అవుతోంది. ఈ ఉత్తరం నేనే కిందికి దిగి డబ్బాలో వేస్తున్నాను. మెట్టుకోసారి ఆగాలి, చాలాసేపు పడుతుంది. మీ బావ ఇప్పుడే తలుపు దగ్గర చెప్పులు వేసుకుని, నేనూ వస్తానంటున్నారు. చెప్పులు విప్పి కూర్చోమన్నాను.

నీ అక్క
లోవలక్ష్మి